అక్కకు పట్టింది దయ్యం కాదు

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఈరోజు ఆగస్టు 20. మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013లో ఇదే రోజు పుణెలో, పొద్దున్నే నడకకు వెళ్తే, కాల్చి చంపారు. ఆయన గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ ముందు మా అక్క సంగతి చెప్పనివ్వండి.

తిరుపతిలో పుట్టి దేవుణ్ణి నమ్మనంటే మనిషిని ఒక రకంగా చూస్తారు. నేనూ శనివారాలు ఒంటిపూట ఉన్నవాణ్ణే, గోవిందా అంటూ అలిపిరి మెట్లెక్కినవాణ్ణే. ఏ పుస్తకమో చదివి మారలేదు. అక్కకు ఫిట్స్ వచ్చేవి. గాలి సోకిందన్నారు, చేతిలో తాళాలు పెట్టారు, తాయెత్తు కట్టారు, చిత్తూరు దగ్గర ఒకాయన పొగపెట్టి వేపమండలతో కొడుతుంటే నేను పక్కన కూర్చుని తగ్గించు స్వామీ అని మొక్కుకుంటూనే ఉన్నాను. తగ్గలేదు. డాక్టర్ రాసిన మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నాకే తగ్గింది. మా నాయన మాత్రం మొక్కు ఫలించిందన్నాడు! మరి అక్క వీపు మీద వాతలు ఎవరి ఖాతాలో రాయాలి? ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఈరోజుకీ జవాబు లేదు. నా మొక్కులు అక్కడే ఆగిపోయాయి.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు కూడా వినండి. మూర్ఛంటే మెదడులో విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పడం. సరైన వైద్యం అందితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎవరికైనా ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. తాళాలు వెతకొద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

చదువుకుంటే ఇవన్నీ పోతాయంటారు. 2021 జనవరిలో మన మదనపల్లెలో, బాగా చదువుకున్న ఇంట్లోనే, మళ్లీ బతికొస్తారన్న నమ్మకానికి ఇద్దరు ఆడపిల్లలు బలైపోయారు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

మా అమ్మ ఇప్పటికీ దీపం పెడుతుంది, నేను అడ్డం చెప్పను. నేను దండం పెట్టకపోతే మాత్రం ఇంట్లో వారం రోజులు టెన్షన్. రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది, అది అమ్మకెంతో నాకూ అంతే. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల బాధ్యతని 1976లో 42వ సవరణతో రాసుకున్నాం కూడా. ఇక్కడున్న పిల్లల్లో నమ్మకం పోయి, భయపడి చెప్పుకోలేనివాళ్లు ఉంటారు. తల్లిదండ్రులారా, వాళ్లు చెప్పినప్పుడు కొట్టకండి, ఏడ్చి లొంగదీయకండి.

దాభోల్కర్ పోయాకే మహారాష్ట్రలో క్షుద్రపూజల నిరోధక చట్టం వచ్చింది, తర్వాత కర్ణాటకలోనూ వచ్చింది. మనకూ కావాలి. తలుపు దగ్గర అర్జీ పెట్టాం, చదివి, సరేననిపిస్తే సంతకం చేయండి.