నవల రాస్తే ఊరుకున్నారు, నాటకం ఆడితే జైల్లో పెట్టారు

[తెరపై: కెన్యా మ్యాప్. నైరోబీ పక్కనే లిమూరు.]

1977లో కెన్యా రచయిత గూగీ వా థియోంగో ఇంగ్లిష్‌లో ఒక నవల అచ్చు వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక గద్దెనెక్కిన కొత్త దొరలను అందులో ఉతికి ఆరేశారు. సర్కారు ఆయన జోలికి రాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో లిమూరు దగ్గరి ఆయన సొంతూరు కమిరీతులో ఒక నాటకం మొదలైంది. కోపం అదే, భాష మాత్రం గికుయు. వేషాలు కట్టింది ఊళ్లోని రైతులు, కూలీలు. కొన్ని వారాలకే నిషేధించారు. డిసెంబర్ 31న గూగీని అరెస్టు చేసి, విచారణ లేకుండా దాదాపు ఏడాది జైల్లో ఉంచారు.

తెల్లవాళ్ల పాలన 1963లోనే పోయింది. జైల్లో పెట్టింది సొంత ప్రభుత్వమే. మరి ఊరి భాషంటే ఎందుకంత టెన్షన్?

[తెరపై: పాత తరగతి గది, నల్లబల్ల.]

1952లో బ్రిటిష్‌వాళ్లు కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టారు. గికుయు ప్రజలు సొంతంగా నడుపుకుంటున్న బడులను చేతుల్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత బళ్లో గికుయు మాట్లాడిన పిల్లలకు బెత్తం దెబ్బలు. 'నేను గాడిదను' అని రాసిన రేకు మెడలో వేసేవారని గూగీ రాశారు. మిగతా సబ్జెక్టుల్లో ఎంత బాగా రాసినా, ఇంగ్లిష్‌లో తప్పితే పరీక్ష మొత్తం తప్పినట్టే. అలా వడపోసి మిగిలినవాళ్లే తర్వాత ఆఫీసర్లు, మంత్రులు అయ్యారు. రచయితలు కూడా.

అందుకే 1962లో ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరె కాలేజీలో జరిగిన ఆఫ్రికా రచయితల సదస్సు పేరులోనే 'ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు' అన్న షరతు ఉంది. అప్పటికింకా విద్యార్థి అయిన గూగీకి పిలుపు అందింది. స్వాహిలీ మహాకవి షాబాన్ రాబర్ట్‌కు, యొరుబా నవలాకారుడు ఫాగున్వాకు అందలేదు. ఆఫ్రికా సాహిత్యం అంటే ఏమిటో తేల్చే చర్చ వాళ్లు లేకుండానే సాగింది. నాకైతే రేకు కన్నా ఇదే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. రేకు ఎవరో బలవంతంగా వేసింది. ఇక్కడ ఎవరూ బలవంతపెట్టలేదు.

[తెరపై: చినువా అచెబె ఫొటో.]

ఇంగ్లిష్‌లో రాయడమే బానిసత్వం అంటే నైజీరియా రచయిత అచెబె మాత్రం ఒప్పుకోలేదు. వందల భాషలున్న దేశంలో ఇంగ్లిష్ చేతికి వచ్చింది, దాన్ని వాడుకుంటా, మన బరువు మోసేలా వంచుతా అన్నారు. వంచి చూపించారు కూడా. ఆయన ఇంగ్లిష్ నిండా తన మాతృభాష ఇగ్బో సామెతలే. దీన్ని బానిసత్వం అని కొట్టిపారేయడం అన్యాయం.

గూగీ దారి వేరు. కమీతి జైల్లో టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశారు. 1980లో అది అచ్చయ్యాక, చదువు రానివాళ్ల కోసం ఇళ్లలో, బార్లలో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు విన్నారు. సర్కారు భయపడ్డ జనం వీళ్లే.

మనకూ ఇందులో కాస్త వాటా ఉంది. ఆ జైలు నవలను వరవరరావు జైల్లో ఉండగానే తెలుగు చేశారు. అయితే కెన్యా నుంచి మన దాకా అది వచ్చింది ఇంగ్లిష్ మీదుగానే. ఇక్కడ అచెబెకు ఒక మార్కు వేయక తప్పదు.

గూగీ ఆ తర్వాత కూడా నవలలు గికుయులోనే రాసి, కొన్నిటిని తానే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్నారు. అలాంటి పుస్తకం ఒకటి 2021లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి లాంగ్‌లిస్ట్‌లో చేరింది. రచయిత, అనువాదకుడు రెండు చోట్లా ఆయన పేరే.