బొమ్మ అర్థం గీసినవారినే అడగాలి

మిత్రులారా,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు చక్కగా బొమ్మలు వేసే తెలుగు పిల్లలకు కొదవ లేదు. మీలో కొందరు కళా చికిత్సలో, అంటే బొమ్మలు వేయించి మనసుకు ఊరట కలిగించే పనిలో, పీజీ చేయాలనుకోవడం నాకు ఎంతో సంతోషం. అయితే చేయి తిరిగిన చిత్రకారులందరూ చికిత్సకులు కాలేరు. బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయతో శానటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ ఊరట పొందాడు. 1942లో 'ఆర్ట్ థెరపీ' అన్న పేరు పెట్టింది ఆయనే. ఆ తర్వాత అది మనస్తత్వ శాస్త్రంతో ముడిపడిన వృత్తిగా ఎదిగింది.

నలుపు ఎక్కువైతే దిగులనీ, చెట్టుకు వేళ్లు లేకపోతే భయమనీ పట్టిక చూసి చెప్పేయడం కళా చికిత్స కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అలాంటి ఊరి బిడ్డ కొండను నల్లగా గీస్తే అది భయం కావచ్చు, చేతికందిన రంగు అదొక్కటే కావచ్చు. ఏదన్నది ఆ బిడ్డ చెప్పాలి, చెప్పేదాకా మనం ఆగాలి. ఆ బిడ్డ ఏ భాషలో చెబుతుంది? ఒడియాలోనో, సవర గిరిజనుల భాషలోనో అయితే మీరు అర్థం చేసుకోగలరా? గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. మీ తయారీ అక్కడ మొదలుపెట్టండి.

మరొక మాట. సవరల గోడల మీది ఇడితాల్ బొమ్మలు దేవతల కోసం, పితరుల కోసం వేసేవి. ఇంట్లో జబ్బు చేసినప్పుడూ వేయిస్తారు. అంతమాత్రాన దానికి థెరపీ అని పేరు తగిలించి, ఆ బొమ్మలను శిక్షణ తరగతుల్లో నకలు చేయించడం నాకు సమ్మతం కాదు. అది వారి పూజ.

ఇక చదువు సంగతి. అమెరికాలో ఈ వృత్తికి మాస్టర్స్ డిగ్రీ కావాలి. చిత్రకళలో 18, మనస్తత్వ శాస్త్రంలో 12 క్రెడిట్లు ముందే ఉండాలని చాలా కళాశాలలు అడుగుతాయి. కాబట్టి బీఏలో సైకాలజీ తీసుకోండి, ముఖ్యంగా పిల్లల ఎదుగుదల, మానసిక రుగ్మతల పాఠాలు వదలకండి. బ్రిటన్‌లో నమోదు కాకుండా ఆర్ట్ థెరపిస్ట్ అని చెప్పుకోవడం నేరం. మన దేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కళా చికిత్సకులను తన జాబితాలో చేర్చింది. చేరబోయే కోర్సులో పర్యవేక్షణలో పనిచేసే గంటలు ఎన్నో తప్పక అడగండి. వారాంతపు సర్టిఫికెట్ చూపించి బాధలో ఉన్న మనిషి ముందు కూర్చోవద్దు.

దరఖాస్తుతో పంపే చిత్రాలు మీవే అయి ఉండాలి. ఎక్కడైనా పిల్లలతో పనిచేసి ఉంటే, వాళ్లు గీసినవి అందులో పెట్టకండి, ఫోనులో ఎవరికీ పంపకండి. అవి వాళ్ల సొత్తు.