నిద్ర చాలుతోందా అని పిల్లల్ని అడగకండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు మన విజయవాడ చుట్టుపక్కల, గూడవల్లి, పోరంకి, గొల్లపూడి వైపు హాస్టళ్లలో ఇంటర్ చదువుతున్నారు. సైకాలజీ చెప్పేదాన్ని కాబట్టి ధ్యాస గురించి, నిద్ర గురించి మాట్లాడమన్నారు. నాకు ఆ రెండూ ఒకటే విషయం.

కౌన్సెలింగుకు వచ్చే పిల్లల్ని నేను ముందు మార్కులు అడగను. రాత్రి స్టడీ అవర్లో రాసిన నోట్సు తెమ్మంటాను. ఆ మధ్య ఒకబ్బాయి ఫిజిక్స్ నోట్సు తెచ్చాడు. పేజీ పైన ముత్యాల్లాంటి అక్షరాలు. సగం దాటాక అవి గీత వదిలేసి కిందికి జారాయి. ఒక సమీకరణం రెండుసార్లు రాశాడు. రెండోసారి సమానం గుర్తు దగ్గర్నుంచి పెన్ను పేజీ అంచుదాకా ఈడ్చుకుపోయింది. “ఇక్కడ నిద్రపోయావా నాన్నా?” అని అడిగాను. “లేదు మేడం, మెలకువగానే ఉన్నాను” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆ కాసిని సెకన్లు తను అక్కడ లేడని తనకే తెలియదు.

దీన్ని మైక్రోస్లీప్ అంటారు. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం కొన్ని సెకన్లు నిద్రలోకి జారి తిరిగొస్తుంది. రాత్రిపూట గుంటూరు నుంచి కాజ టోల్‌ప్లాజా మీదుగా కారు నడుపుకుని వచ్చేవాళ్లకు ఇదెంత ప్రమాదమో తెలుసు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 65 మీటర్లకు పైనే.

2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 48 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లతో చేసిన ప్రయోగాన్ని ప్రచురించింది. కొందరిని రోజుకు ఎనిమిది గంటలు, కొందరిని ఆరు, కొందరిని నాలుగు గంటల చొప్పున రెండు వారాలు పడుకోనిచ్చారు. ఇంకొందరిని వరసగా మూడు రాత్రులు అసలు పడుకోనివ్వలేదు. పరీక్షల్లో ఒకటి చాలా తేలిక: తెరమీద అంకె కనబడగానే బటన్ నొక్కాలి. ఆరు గంటలవాళ్లు రోజురోజుకీ ఆలస్యం చేశారు. రెండో వారం ముగిసేసరికి ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగిపోయారు. నాలుగు గంటలవాళ్లయితే రెండు రాత్రుల స్థాయికి. నన్ను బాగా భయపెట్టింది తర్వాతి సంగతి. మగతగా ఉందా అని అడిగితే, మొదటి కొద్దిరోజుల తర్వాత పెద్దగా తేడా లేదనే చెప్పారు. అలవాటు పడ్డామనుకున్నారు, పనితీరు మాత్రం పడిపోతూనే ఉంది.

ధ్యాస తగ్గిందని కనిపెట్టాల్సింది కూడా ఆ ధ్యాసే కదా. అదే తగ్గిపోతే ఇక పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

తెల్లవారుజామున లేచి చదివితే వంటబడుతుందని మన పెద్దలు అనేవారు. వాళ్లు రాత్రి ఎనిమిదిన్నరకల్లా మంచం ఎక్కేవారు. మనం వాళ్లు లేచే వేళ తీసుకుని, పడుకునే వేళ వదిలేశాం. పదకొండింటికి లైట్లు ఆపి నాలుగున్నరకు గంట కొడితే ఐదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలంటుంది అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్. పైగా ఈ వయసులో నిద్రవేళను తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదింటికి పడుకోమన్నా వాళ్లకు నిద్ర పట్టదు. దాన్ని బద్ధకమని తిట్టకండి.

నిద్రంతా ఒకే తీరుగా ఉండదు. మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ. కలలు బాగా వచ్చే రెమ్ నిద్ర, 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ బయటపెట్టినది, తెల్లవారే ముందు ఎక్కువ. నాలుగున్నరకు కొట్టే గంట ఎక్కువగా కోసేది దీన్నే. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అర్థంలేని అక్షరాలు బట్టీపట్టించి చూస్తే, మేలుకుని గడిపినప్పటికన్నా నిద్రపోయి లేచినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. టీ తాగితే మగత కాసేపు తెలియకుండా పోతుంది, అంతే. నిద్ర బాకీ తీరదు.

అమ్మా, లక్ష్మణుడి వంతు నిద్ర పద్నాలుగేళ్లు ఊర్మిళ పోయిందని మన ఇళ్లలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. మీ అబ్బాయి వంతు మీరు పోలేరు. కానీ అడగగలరు.

ఈసారి ఔటింగు రోజున “నిద్ర చాలుతోందా?” అనకండి, చాలుతోందనే అంటారు. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతున్నారు, పొద్దున గంట ఎన్నింటికి కొడుతున్నారు, ఈ రెండూ కనుక్కుని రాసుకోండి. పేరెంట్స్ మీటింగులో ర్యాంకుల మాట ఎత్తకముందే ఆ కాగితం ప్రిన్సిపాల్ ముందు పెట్టండి. ఒక్కరే అడిగితే “మీవాడికొక్కడికేనా?” అంటారు, పదిమంది కలిసి వెళ్లండి. రాత్రి ఒక గంట ముందు వదలమనండి, పొద్దున ఒక గంట ఆలస్యంగా లేపమనండి. ఏడున్నర గంటలవుతుంది. ఎనిమిదికి ఇంకా అరగంట తక్కువే. ఆ అరగంట మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీయనివ్వమని అడగండి.

ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండి.