టీడీఐయూ వచ్చింది సరే, ఏ తేదీ నుంచి ఇచ్చారో చూశారా?

అందరికీ నమస్తే అండీ. అమెరికా ఆర్మీలోనో నేవీలోనో చేసి వచ్చిన మనవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఈ వీడియో పూర్తిగా వినండి, ఎందుకంటే ఇందులో ఏళ్ళ డబ్బు పోతోంది. సర్వీస్‌లో వచ్చిన గాయం వల్లో జబ్బు వల్లో ఇంక ఉద్యోగం చెయ్యలేరని వీఏ, అంటే అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, ఒప్పుకుంటే, వైకల్యం రేటింగ్ 70 పర్సెంటే ఉన్నా 100 పర్సెంట్ రేటులో డబ్బులిస్తుంది, అదే టీడీఐయూ. లెటర్ రాగానే అందరూ నెలకి ఎంతొస్తుందో చూస్తారు, ఎఫెక్టివ్ డేట్, అంటే ఏ తేదీ నుంచి డబ్బు లెక్కేశారో, అది చూడరు.

ఉదాహరణకి మీరు 2021 మార్చిలో పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల వల్ల వచ్చే మానసిక సమస్య) రేటింగ్ పెంచమని క్లెయిమ్ వేశారు, దాని మీద అప్పీల్ ఇంకా నడుస్తోంది, ఈలోగా 2023 జూన్‌లో ఎవరో చెబితే టీడీఐయూ అడిగే 8940 ఫారం పెట్టారు అనుకోండి, వీఏ ఆ ఫారం అందిన రోజు నుంచి ఇచ్చేసి ఊరుకుంటుంది. అంటే రెండేళ్ళ పైన బకాయి గాలికి పోయినట్టే కదా, ఇది అన్యాయం అండీ. 2009లో రైస్ వర్సెస్ షిన్‌సెకి కేసులో మాజీ సైనికుల అప్పీళ్ళు వినే వెటరన్స్ కోర్టు క్లియర్‌గా చెప్పింది, టీడీఐయూ వేరే క్లెయిమ్ కాదు, రేటింగ్ క్లెయిమ్‌లో భాగమే అని. కాబట్టి 2021 ఫైల్లోనే డాక్టర్ "ఈయన పని చెయ్యలేడు" అని రాసి ఉంటే, అప్పటికే మీరు పని మానేసి ఉంటే, ఆ 2021 తేదీ గట్టిగా అడగండి. అప్పటికి ఫుల్‌టైమ్ జాబ్ చేస్తూ మంచి జీతం తీసుకుంటుంటే మాత్రం ఇవ్వరు, అది కూడా నిజమే.

ఇప్పుడు ఏ దారిలో వెళ్ళాలి? రుజువు ఆల్రెడీ ఫైల్లో ఉంటే హయ్యర్ లెవెల్ రివ్యూ, అంటే వీఏలోనే పై ఆఫీసర్ అదే ఫైల్ మళ్ళీ చూడటం, మంచిదని నా అభిప్రాయం, 0996 ఫారం, ఇన్ఫార్మల్ కాన్ఫరెన్స్ బాక్స్ టిక్ పెట్టండి, రివ్యూ చేసే ఆఫీసర్ ఫోన్లో మాట్లాడతారు, ఏ తేదీ రికార్డులో డాక్టర్ ఏం రాశారో మీరే చెప్పొచ్చు. ఇందులో కొత్త కాగితాలు తీసుకోరు, కొత్తవి ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్. ఈ రెండూ కాదంటే వీఏ అప్పీళ్ళ బోర్డుకి వెళ్ళాలి.

ఏది చేసినా ఏడాదిలోపే. ఏడాది దాటితే ఆ నిర్ణయం ఫైనల్ అయిపోతుంది, తర్వాత తేదీ ఒక్కటే మార్చమని మళ్ళీ అడగడానికి వీల్లేదని 2006లో రడ్ కేసులో కోర్టు తేల్చేసింది, ఇక మిగిలేది వీఏ స్పష్టమైన తప్పు చేసిందని నిరూపించడమే, అది చాలా కష్టం. ఆ ఏడాది లెక్క లెటర్ మీదున్న తేదీ నుంచి అండీ, మీ చేతికి అందిన రోజు నుంచి కాదు.