ఒక చేతిలో చాక్‌పీస్, ఇంకో చేతిలో డస్టర్

హోస్ట్: నమస్తే అందరికీ. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఒక రెండో అంతస్తు గదిలో, మైకులో గాలి వినపడుతుందని ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుంటే రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో బస్సు హారన్ వినిపిస్తే సర్దుకుపొండి. ఈరోజు మనతో ఉన్నది ఒక కెమిస్ట్రీ లెక్చరర్. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నారు, కొత్తగా చేరిన టీచర్లకు ట్రైనింగ్ కూడా ఇస్తుంటారు. పేరు వద్దన్నారు కాబట్టి మనకు అన్నే. అన్నా, మీ చేతికి మైకు ఇస్తే మళ్ళీ లాక్కోవడం కష్టమని మీ స్టూడెంట్లే చెప్పారు. చిన్నప్పటి నుంచీ ఇంతేనా?

గెస్ట్: (నవ్వు) చిన్నప్పుడు నేను మాట్లాడితే మా అమ్మే "ఏందిరా, గొంతులోనే మింగుతున్నవు" అనేది, తమ్ముడూ. పైగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేవాణ్ణి. మాది మర్రిగూడ వైపు. ఆ మాట అంటే ఈ జిల్లావాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు.

హోస్ట్: ఫ్లోరైడ్.

గెస్ట్: అదే. నావి గారపళ్ళు. ఇప్పుడు కొంత బాగు చేయించుకున్నా గానీ అప్పుడు ముందు పళ్ళ మీద ఇటుక రంగు చారలుండేవి. పళ్ళు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగితే వచ్చే మరక అది, ఎంత తోమినా పోదు. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా వైపు బోర్లు చాలావరకు ఆ లెక్క ఎప్పుడో దాటేశాయి. ఊళ్ళో ఉన్నప్పుడు ఏమీ అనిపించదు, అందరివీ అవే పళ్ళు కదా. బయటి ఊరి పిల్లలు కలిసే హైస్కూల్‌కు వచ్చాక తెలిసింది సిగ్గంటే ఏంటో. అందుకే నాకు స్టేజ్ ఫియర్ ఉండేది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు స్టేజీ అంటే భయం లేదు, పళ్ళు కనపడతాయని భయం. రెండూ ఒకటి కావు.

హోస్ట్: మరి ఎవరు పట్టుకున్నారు ఈ సంగతి?

గెస్ట్: చెప్తా, దానికి ముందు ఒక అవమానం ఉంది, అది కూడా విను. (నవ్వు) ఎనిమిదో తరగతిలో ప్రార్థన టైములో ప్రతిజ్ఞ చెప్పించే వంతు నాకొచ్చింది. రోజూ చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞే, నిద్రలో లేపినా చెప్తాం. ముందు నిలబడి చూస్తే ఎదురుగా మూడొందల మంది. చెయ్యి ముందుకు చాచాలి కదా, మరి నోటికి అడ్డం ఏం పెట్టాలి? అక్కడే ఆగిపోయింది బుర్ర. "సుసంపన్నమైన, బహువిధమైన" దాకా వచ్చా, ఆ తర్వాత ఏమీ లేదు, తెల్ల కాగితం. వెనక నుంచి ఎవడో నవ్వాడు, ఒక అమ్మాయి మిగిలింది చెప్పేసింది. వారం రోజులు నా పేరు బహువిధం.

హోస్ట్: (పెద్దగా నవ్వు) అయ్యో అన్నా!

గెస్ట్: ఆ ప్రతిజ్ఞ రాసింది మన జిల్లాయనే అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, ఇక్కడే నల్లగొండ పక్కన అన్నెపర్తి. విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు 1962లో రాశారు, అదీ మొదట తెలుగులో. అప్పుడు మా పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గానీ కింద ఆయన పేరు ఉండేది కాదు. నాకు అప్పుడే తెలిసుంటే ఏమయ్యేదో... ఏమీ అయ్యేది కాదులే, అప్పుడూ మర్చిపోయేవాణ్ణే.

హోస్ట్: సరే, ఇప్పుడు చెప్పండి, మీ సంగతి పట్టుకున్నది ఎవరు?

గెస్ట్: మా సైన్స్ సార్. బస్సులో వచ్చిపోయేవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దపొడి. మంచి వక్త అనుకునేవు, అస్సలు కాదు. ఆయన గొంతు నాకంటే చిన్నది. కానీ ఆ ప్రతిజ్ఞ రోజు ఆయన నన్ను ఏమీ అనలేదు, ధైర్యం చెప్పలేదు, భుజం తట్టలేదు. రెండు రోజులాగి, "ఒరేయ్, ఏడో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పు, నాకు బస్సు ఉంది" అన్నాడు. నిజంగానే బస్సు ఉందనుకున్నా నేను. పోయి క్లాసులో నిలబడితే, ఒక చేతిలో చాక్‌పీస్ పెట్టి, ఇంకో చేతిలో డస్టర్ పెట్టి, "ఈ రెండూ కింద పెట్టకు" అని పోయాడు.

హోస్ట్: ఎందుకట?

గెస్ట్: చూడు, రెండు చేతులూ నిండుగా ఉంటే నోటికి ఏం అడ్డం పెడతావు? డస్టర్ పెడితే ముక్కులోకి సుద్ద పోతుంది. (నవ్వు) రెండు మూడు సార్లు పెట్టా కూడా, దగ్గొచ్చి పిల్లలు నవ్వారు. తర్వాత మర్చిపోయా. ఆయన కనిపెట్టింది అది. నా పళ్ళ గురించి ఆయన ఒక్క మాట కూడా ఎప్పుడూ అనలేదు, ఈరోజు దాకా. "పళ్ళు ఎలా ఉన్నా పర్లేదు, ధైర్యంగా మాట్లాడు" అని ఉంటే నేను స్కూల్ మానేసేవాణ్ణి, నిజంగా చెప్తున్నా.

హోస్ట్: ఊఁ.

గెస్ట్: ఇంకోటి. ఆయన వెళ్ళలేదు. బస్సు లేదు, గిస్సు లేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడి వినేవాడట, అది నాకు నెల తర్వాత తెలిసింది. మర్నాడు వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే. ఎలా చెప్పావు అని అడగడు. "గోడ పక్కన మూడో వరుసలో కూర్చునే పిల్ల ఏం చేస్తుండె?" అని అడుగుతాడు. నాకేం తెలుసు? నేను నా చేతులు, నా గొంతు, నా పళ్ళు చూసుకుంటున్నా కదా. "చూడలే సార్." "ఇయ్యాల చూసి చెప్పు." అంతే. ఆ రోజు చూశా, ఆ అమ్మాయి నేను రాసింది దింపుకోవడం లేదు, పక్కదాని నోట్స్‌లో పువ్వు గీస్తోంది. మర్నాడు ఇంకొకడి గురించి అడిగాడు. పది రోజులయ్యేసరికి నేను క్లాసులో నన్ను చూసుకోవడం మానేశా. తీరిక దొరకలేదు అంతే, ఇరవై ఎనిమిది మందిని చూడాలి కదా.

హోస్ట్: అంటే భయం పోయిందన్నమాట.

గెస్ట్: పోలేదు. అందరూ ఇదే మాట అంటారు, భయం పోవాలి, పోగొట్టుకోవాలి అని కోర్సులు కూడా అమ్ముతున్నారు. నాకు ఇప్పటికీ కొత్త చోట మొదటి రెండు నిమిషాలు నాలుక పిడచ కట్టుకుపోతుంది. టెన్షన్‌లో అడ్రినలిన్ ఎక్కువై లాలాజలం తగ్గుతుంది, అది ఒంటి పని, దాన్ని తిట్టి లాభం లేదు. ఒక గుక్క నీళ్ళు తాగి మొదలుపెడతా. పోయింది భయం కాదు, భయం మీద నాకున్న ఆసక్తి.

హోస్ట్: ఇష్టం ఎప్పుడు మొదలైంది మరి? భయం ఉన్నా చెయ్యడం వేరు, ఇష్టపడి చెయ్యడం వేరు కదా.

గెస్ట్: ఆ రోజు నాకు తేదీతో సహా గుర్తుంది, ఎందుకంటే అది సెప్టెంబర్ 5. పదో తరగతి. స్వపరిపాలన దినోత్సవం చేస్తారు కదా, పదో తరగతి వాళ్ళు ఒక రోజు టీచర్లవుతారు, ఆడపిల్లలు వాళ్ళమ్మ పట్టుచీరలు కట్టుకొస్తారు, ఎవడో ఒకడు హెడ్‌మాస్టర్ కుర్చీలో కూర్చుని బెల్లు కొట్టించి ఆనందిస్తాడు. నాకు ఎనిమిదో తరగతి సైన్స్ ఇచ్చారు. పాఠం నువ్వే తీసుకో అన్నాడు సార్. నేను మన జిల్లా పేరుతోనే ఉన్న నల్గొండ టెక్నిక్ తీసుకున్నా. నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన పద్ధతి, నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసేయడం.

హోస్ట్: చేసి చూపించారా?

గెస్ట్: ప్లాస్టిక్ బకెట్‌లో. ముందు రాత్రంతా బట్టీ పట్టా, పేజీన్నర. క్లాసులో మొదటి రెండు వాక్యాలు చెప్పి మర్చిపోయా, మళ్ళీ బహువిధం అనుకో. చేతిలో చాక్‌పీస్, డస్టర్. ఏం చెయ్యాలో తోచక, "మీ ఇంట్ల నడుము వంగినోళ్ళు ఎవరున్నరు?" అని అడిగా. నిజంగా పాఠంలో లేని ప్రశ్న అది, ఆ ఫ్లోరైడే ఎముకల్లో చేరి నడుమునూ వంచేస్తుంది కదా. ఒక్కో చెయ్యి లేస్తోంది. మా తాత, మా పెద్దమ్మ, మా నాయన. సగం క్లాసు లేచింది. మా నాయనమ్మ కూడా, నేనూ చెయ్యెత్తా. ఇక ఆ తర్వాత నేను చెప్పలేదు తమ్ముడూ, వాళ్ళు అడిగారు, నేను బకెట్‌లో కలిపాను. పటిక, సున్నం వేసి కలిపి ఆపితే దూదిపింజల్లాంటివి తేలి మెల్లగా అడుక్కి దిగుతాయి, ఆ పింజలే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి లాగేవి. నలభై మంది బకెట్ చుట్టూ మూగి, ఒకరి మీద ఒకరు పడి, అవి దిగేదాకా కదల్లేదు.

హోస్ట్: అబ్బ.

గెస్ట్: అప్పుడు ఒక పిల్లగాడు అడిగాడు, "అన్నా, మరి నీళ్ళు కాచుకుని తాగితే పోదా? గిదంతా ఎందుకు?" నాకు తెలియదు. సార్ చివరి బెంచీలో కూర్చుని ఉన్నాడు, ఆయన వైపు చూశా, ఆయన కిటికీలోంచి చెట్టు చూస్తున్నాడు! కావాలనే. "నాకు తెల్వదు, రేపు చెప్తా" అన్నా. నవ్వుతారనుకున్నా, ఎవరూ నవ్వలేదు, సరే అన్నారు. సాయంత్రం సార్ దగ్గరికి పోతే జవాబు చెప్పలేదు, "ఉప్పునీళ్ళు కాచి చూడు, గిన్నెలో ఏం మిగుల్తది?" అన్నాడు. ఇంటికి పోయి కట్టెల పొయ్యి మీద కాచా, అమ్మ తిట్టింది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు గిన్నెకే ఉంటుంది. అంటే ఫ్లోరైడ్ కూడా అంతే, కాచేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, అది చిక్కబడుతుంది, మనం మంచిదనుకుని ఇంకా ఎక్కువ తాగుతాం. మర్నాడు నాది టీచర్ వేషం కాదు, ఏమీ కాదు, అయినా ప్రార్థన కాకముందే ఎనిమిదో తరగతి గదికి ఉరికా. వాడు ఇంకా రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి వాడి కోసం ఎదురుచూశా. అదీ ఇష్టం మొదలవడం.

హోస్ట్: చెప్పాలన్న ఆత్రం.

గెస్ట్: ఆత్రమే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నానో లేదో నాకు గుర్తు కూడా లేదు.

హోస్ట్: ఆ తర్వాత అంతా సాఫీగానే నడిచిందా?

గెస్ట్: ఎక్కడ! ఇక్కడే ఎన్జీ కాలేజీలో డిగ్రీ, తర్వాత పీజీ, ఒక ప్రైవేట్ కాలేజీలో మొదటి ఉద్యోగం. బాగా చదువుకున్నా కదా, పొగరు. రెండు బోర్డులు నింపేవాణ్ణి. నెలాఖరుకు టెస్ట్ పెడితే క్లాసులో ఒక్కడికీ రాలేదు. పిల్లలు మొద్దులు అని స్టాఫ్ రూంలో తిట్టా. ఆగు, నీకో ఆట చూపిస్తా. నేను బల్ల మీద ఒక పాట కొడతా, ఏ పాటో చెప్పు. (బల్ల మీద వేళ్ళతో తాళం)

హోస్ట్: ఏదో... పెళ్ళి బ్యాండా? తీన్మార్?

గెస్ట్: బతుకమ్మ పాట!

హోస్ట్: ఇది బతుకమ్మ పాటా? ఛా!

గెస్ట్: నా చెవుల్లో పాట మొత్తం వినపడుతోంది, చప్పట్లతో సహా. నీకు వినపడేది టకటక మాత్రమే. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆవిడ ఇదే ప్రయోగం చేసింది. అందరికీ తెలిసిన పాటలే, 120 సార్లు కొట్టించింది. వినేవాళ్ళు సగం పాటలు కనిపెట్టేస్తారని కొట్టినవాళ్ళు అనుకున్నారు. కనిపెట్టినవి మూడు.

హోస్ట్: 120లో మూడా?

గెస్ట్: మూడే. నా రెండు బోర్డుల కథ అదే. నాకు వచ్చింది కాబట్టి నాకు పాట వినపడుతోంది. ఆదివారం సార్ ఇంటికి పోయి మొత్తుకుంటే, అంతా విని, "గోడ పక్కన మూడో వరుసలో ఎవరుంటారు?" అన్నాడు. అంత చదువు చదివి మళ్ళీ అక్కడికే వచ్చా. (నవ్వు) నాకు ఆ పిల్లల్లో పది మంది పేర్లు కూడా తెలియవు.

హోస్ట్: ఇప్పుడు మీరు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకు ఏం చెబుతారు? ఇది వినేవాళ్ళలో టీచర్లూ ఉన్నారు, మైకంటే పారిపోయేవాళ్ళూ ఉన్నారు.

గెస్ట్: చెప్పేది తక్కువ, పని ఇచ్చేది ఎక్కువ. పెద్ద సభలో మాట్లాడించను, ముందు వాళ్ళకంటే చిన్నపిల్లల ముందు నిలబెడతా, ఒకే ఒక్క విషయం, ఐదు నిమిషాలు. తప్పులు అందరి ముందూ చెప్పను, అసలు తప్పులు చెప్పడమే తక్కువ, ఎవరు వింటున్నారో అడుగుతా. అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యమని కొందరు చెబుతారు, నాకు అది అస్సలు నచ్చదు. అద్దంలో మళ్ళీ నువ్వే కదా కనపడేది! దానికంటే మా నాయనమ్మ పద్ధతి మేలు. ఆమె నడుము వంగి మంచంలోనే ఉండేది, కథలు బాగా చెప్పేది, కానీ ఒక షరతు, ఊ కొట్టాలి. ఊ కొట్టడం ఆపితే కథ ఆగుతుంది, రాజు అడవిలోనే ఉంటాడు. ఎంత పెద్ద సభయినా నేను ముందు ఊ కొట్టే మనిషిని వెతుక్కుంటా. ఎక్కడో ఒకరుంటారు, తల ఊపుతూ. వాళ్ళకు చెప్పడం మొదలుపెడతా, కుదురుకున్నాక ఊ కొట్టనివాళ్ళ దగ్గరికి పోతా.

హోస్ట్: ఊఁ... ఊఁ.

గెస్ట్: ఇదిగో, నువ్వు ఇందాకటి నుంచి చేస్తున్నది అదే. గంట నుంచి నీ మొహం చూసే మాట్లాడుతున్నా.

హోస్ట్: అన్నా, నిజం చెప్పాలంటే నా ఊఁలన్నీ ఎడిటింగ్‌లో కట్ చేసేస్తా నేను. వినేవాళ్ళకు చిరాకని.

గెస్ట్: ఈసారికి ఉంచు.

హోస్ట్: ఉంచుతా. ఇక ఫ్యాన్ వేద్దామా?

గెస్ట్: వెయ్యి తమ్ముడూ, చచ్చిపోతున్నాం.