రాత్రిపూట ఊపిరి పీల్చే నేలమొక్కలు

శ్రోతలకు నమస్కారం. 18వ శతాబ్దం చివర, ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటలో ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. దాన్ని నడిపిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్ళిన తర్వాత ఆ తోటను చూసుకున్న బెంజమిన్ హైన్ అనే శాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు తెల్లవారేసరికి పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని గమనించి, 1813లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘమైన లిన్నియన్ సొసైటీకి చెందిన లాంబర్ట్‌కు లేఖ రాశారు. ఈ రోజు నేను చెప్పబోయే తోటపని అంతా ఆ పులుపు మీదే ఆధారపడి ఉంది.

సాధారణంగా మొక్కలు పగటిపూట ఆకుల్లోని సూక్ష్మరంధ్రాలను తెరిచి గాలిని తీసుకుంటాయి; అలా తెరిచినప్పుడల్లా ఎండకు నీరు ఆవిరైపోతుంది. రణపాల వంటి కండగల ఆకుల మొక్కలు చాలావరకు ఆ రంధ్రాలను పగలు మూసివేసి, చల్లబడిన తర్వాత రాత్రి తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు వాయువును పుల్లని ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక తలుపులు వేసుకొని, ఆ నిల్వతోనే ఆహారం తయారుచేసుకుంటాయి. అనంతపురం వంటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ప్రాంతాల పెరటికి ఇంతకంటే పొదుపైన సంసారి దొరకడు.

నేలను కప్పుతూ పాకే ఇలాంటి మొక్కల్లో మనకు బాగా తెలిసినది గడ్డి గులాబీ. నర్సరీల్లో టేబుల్ రోజ్ అంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కను చలిదేశాల్లో ఒక్క ఏడాది మొక్కగా పెంచుతారు గాని, మన వెచ్చదనంలో కొమ్మలు గిల్లి నాటుతూ ఉంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దీనికి దగ్గర బంధువే మన పప్పులోకి వచ్చే గంగపావిలి. అది బహువార్షికం కాకపోయినా, విత్తనం రాలి తనంతట తానే మళ్ళీ మొలుస్తుంది. నీటి ఎద్దడి వచ్చినప్పుడే అది రాత్రి ఊపిరికి మారుతుంది. పెరట్లో ఏరుకొనేటప్పుడు మాత్రం కాడ తుంచి చూడండి. పాలు కారితే అది పావిలి కాదు.

ఎర్రని చిన్న పూలతో, గుండె ఆకారపు ఆకులతో గట్ల మీద దట్టంగా అల్లుకొనే బేబీ సన్ రోజ్ దక్షిణాఫ్రికా మొక్క. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి, ఉప్పునేలలో కూడా పెరిగే వంగరెడ్డి కూర మేలు. చిత్రాల్లో ముచ్చటగా కనిపించే చలిదేశపు కండ ఆకుల మొక్కలైన సెడమ్ రకాల జోలికి మాత్రం వెళ్ళవద్దని నా సలహా. మన రాత్రులు వేడిగా ఉంటాయి, వానాకాలంలో నేల చిత్తడిగా ఉంటుంది; ఆ రెండూ కలిస్తే వాటిలో చాలా వరకు కుళ్ళిపోతాయి.

నిజానికి ఈ మొక్కలను దాహం కంటే యజమాని అతిప్రేమే ఎక్కువగా చంపుతుంది. ఆకుల్లో నీరు దాచుకొనే మొక్కకు వేళ్ళ దగ్గర ఎప్పుడూ తడి ఉంటే వేరుకుళ్ళు వస్తుంది. అందుకే నల్లరేగడిలో నేరుగా నాటకుండా, జానెడు ఎత్తున మడి కట్టి, ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపాలి. నాలుగు అంగుళాల కొమ్మలను తుంచి, గాయం ఆరేవరకు ఒక రోజు నీడలో ఉంచి, కార్తీకం తర్వాత జానెడు ఎడంలో నాటితే చాలు. మొదటి రెండు వారాలు మన్ను ఆరినప్పుడల్లా కొద్దిగా తడపాలి. ఆ తర్వాత ఆకు ముడతలు పడి మెత్తబడినప్పుడే నీళ్ళు పోయాలి. ఆకు పసుపుబారి, నీరు నిండినట్టు మెరుస్తూ రాలుతుంటే మీరు పోసింది ఎక్కువైందని అర్థం.

రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే గడ్డి గులాబీ పూయదు, కాడలు సాగిపోతాయి. పిండినల్లి పట్టితే, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. పెరటి గోడ దాటి పాకే కొమ్మలను బయట పారవేయకండి. కాలిఫోర్నియాలో మట్టి కోతను ఆపడానికి రోడ్ల వెంట నాటిన ఒక దక్షిణాఫ్రికా నేలమొక్క, అక్కడి తీరపు సహజ మొక్కల చోటును ఆక్రమించింది.

తొలకరికి ముందే కొన్ని కొమ్మలను కుండీల్లో వేసి చూరు కింద ఉంచుకోండి. ముసురుకు మడిలో ఎక్కడైనా ఖాళీ పడితే, వానలు తగ్గాక అవే అక్కడ నాటుకోవచ్చు.