గ్యారేజ్ దరువు, డబ్‌స్టెప్ లోతు
(హన్మకొండలో ఒక పాటల విడుదల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన హన్మకొండ తమ్ముళ్లిద్దరు నాలుగు పాటలు చేశారు. వాటిలో పాడే గొంతు లేదు. గ్యారేజ్ అనే సంగీతపు దరువుతో డబ్‌స్టెప్ అనే సంగీతపు బేస్, అంటే లోతైన అడుగు శబ్దం, కలిపిన డ్యాన్స్ మ్యూజిక్ ఇది. వినిపించే ముందు నాకు కాసేపు మాట్లాడే అవకాశం ఇవ్వమని నేనే అడిగాను. ఫోన్‌లో వింటే ఈ పాటల్లో సగం మీకు చేరదు. చేరని ఆ సగం గురించే నా మాట.

ముందు గ్యారేజ్ సంగతి. న్యూయార్క్ క్లబ్బుల్లో పుట్టిన ఈ సంగీతాన్ని 1990లలో లండన్ డీజేలు వేగం పెంచి తమదిగా చేసుకున్నారు. టెంపో నిమిషానికి 130 బీట్లకు కాస్త అటూ ఇటూ. హౌస్ అనే క్లబ్ డ్యాన్స్ మ్యూజిక్‌లో కిక్ డ్రమ్, అంటే బరువైన పెద్ద డ్రమ్ దెబ్బ, నాలుగు బీట్ల మీదా పడుతుంది. టూ-స్టెప్ అనే రకం గ్యారేజ్ చేసేవాళ్లు అందులో కొన్ని కిక్కులు తీసేసి, చురుగ్గా పలికే స్నేర్ డ్రమ్‌ను మాత్రం రెండో బీట్, నాలుగో బీట్ మీద ఉంచారు. మధ్యలో పడే హై-హ్యాట్ తాళాల దెబ్బను ఒక పిసరు ఆలస్యం చేశారు. అంతే, కాలు ఆగదు.

ఇది మనకు కొత్తేం కాదు. బరాత్ ముందు తీన్మార్ కొట్టేవాళ్లను చూడండి. డప్పు మీద సిర్ర పెద్ద దెబ్బ వేస్తుంటే, చిటికెన పుల్ల సందుల్లో చిన్న దెబ్బలు వేస్తూ పోతుంది. ఆ చిన్న దెబ్బలు లెక్కపెట్టినట్టు సమానంగా పడితే ఎవరూ ఆడరు. రెండో పాటలో హై-హ్యాట్ ఊగే తీరు వింటే, ఈ తమ్ముళ్లకు లండన్ పాటలు ఎంత నేర్పాయో, మన ఊరేగింపులూ అంతే నేర్పాయని తెలిసిపోతుంది.

డబ్‌స్టెప్ వేరు జమైకాలో ఉంది. కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే ఆయన రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు. 1970లలో ఆయన రెగె పాటల్లోంచి గొంతు తీసేసి, డ్రమ్, బేస్ ఉంచి, అక్కడక్కడా ఎకో వదిలాడు. డబ్ అనే సంగీతం అలా రూపు కట్టింది. లండన్‌కు వలస వెళ్లిన జమైకా కుటుంబాలు పెద్ద పెద్ద సౌండ్ సిస్టమ్‌లు కట్టే అలవాటునూ వెంట తీసుకెళ్లాయి. 2000 తర్వాత దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో బిగ్ యాపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ తిరిగిన స్క్రీమ్, బెంగా లాంటి కుర్రాళ్లు గ్యారేజ్‌ను చీకటిగా, బరువుగా మార్చారు. అప్పటికి వాళ్లకు ఇరవై ఏళ్లు కూడా లేవు! 2005లో బ్రిక్స్‌టన్‌లో మొదలైన డీఎంజెడ్ అనే క్లబ్ రాత్రులు దాన్ని ఇంకా లోతుకు దించాయి. టెంపో 140. అయినా స్నేర్ మూడో బీట్ మీద ఒక్కసారే పడుతుంది కాబట్టి ఒంటికి 70లాగే ఉంటుంది.

మిగిలిన చోటంతా సబ్ బేస్‌ది, అంటే బేస్‌లోనూ అన్నిటికన్నా అడుగున ఉండే శబ్దానిది. 50 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో ఒక్క అల పొడవే దాదాపు 7 మీటర్లు. ఫోన్ స్పీకర్ దాన్ని మోయలేదు. పెద్ద బాక్సు ముందు నిలబడితే అది ఛాతీకి తగులుతుంది.

మన దగ్గర బాక్సులకు కొదవ లేదు, ట్రాలీ నిండా పేరుస్తాం. కానీ అన్నీ ఒకేసారి చివరిదాకా పెంచేస్తాం. యాంప్ తట్టుకోలేక బేస్ పగిలిపోతుంది, ఇళ్లలో పసిపిల్లలు, పెద్దవాళ్లు వణికిపోతారు. ఇది నాకు నిజంగా బాధ. లోతైన బేస్‌కు చుట్టూ ఖాళీ కావాలి. మిగతావి తగ్గితేనే అది పలుకుతుంది.

మూడో పాటలో వీళ్లు ఆ ధైర్యం చేశారు. గ్యారేజ్‌తో మొదలై, నడుమకు వచ్చేసరికి హై-హ్యాట్ ఆగిపోతుంది, స్నేర్ మూడో బీట్‌కు మారుతుంది, టెంపో మాత్రం మారదు. కింద నుంచి బేస్ లేస్తుంది. దాని మీద ఒగ్గుడోలు దెబ్బ ఒక్కటే పడి ఎకోలో సాగుతుంది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కళాకారులను అడిగి, డబ్బులిచ్చి రికార్డు చేసుకున్న దెబ్బ అది. ఆ కళాకారుల పేర్లు కవర్ మీద వేశారు. మన రీమిక్సుల్లో డోలు వాడేవాళ్లంతా ఇలా చేయాలి.

నాలుగో పాట మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. బేస్ వచ్చిన చోట కిక్ కూడా అదే అడుగున కొడుతోంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. తమ్ముళ్లూ, ఆ కిక్ శ్రుతిని కొంచెం పైకి జరపండి, లేదా అక్కడ తీసేయండి.

ఇక సౌండ్ చూసే తమ్ముడూ, టాప్ బాక్సులు కొంచెం తగ్గించు. మూడో పాటతో మొదలుపెడదాం. ముందు వరసలో ఉన్నవాళ్లు కుర్చీలు పక్కకు జరపండి, ఆడేవాళ్లకు చోటు కావాలి.